గొంగడిలో మామిడి వాసన

పుష్యమాసం చలిలో మామిడిపండు వాసన వస్తే ఎవరైనా ఏం చేస్తారు? పక్కింటి కిటికీ వైపు చూస్తారు, లేదంటే జలుబు చేసిందేమోనని ముక్కు చీదుకుని ఊరుకుంటారు. రేణుకమ్మ మాత్రం మంచం మీద లేచి కూర్చుని, జారిన కొంగు తలమీదికి లాక్కుని, మూలనున్న గొంగడి వైపు చూసి, "వచ్చినవా అయ్యా" అన్నది.

ఆ అయ్య ఎవరో తెలియాలంటే ముందు గొంగడి సంగతి తెలియాలి.

కోదాడలో కొడుకు సతీష్ కిరాయికి ఉంటున్న ఇంట్లో, లోపలి గది రేణుకమ్మది, ఆమె మనవరాలు రచనది. ఆ గదిలో ఒక రేకు పెట్టె, దాని మీద మడత పెట్టిన నల్ల గొంగడి. అది రేణుకమ్మ పెనిమిటి సైదయ్యది. ఆయన పోయి పుష్కరం దాటింది. గొర్రెలు అమ్ముడుపోయాయి, ఊళ్లో ఇల్లు కూలిపోయింది, ఆ గొంగడి మాత్రం ఇల్లు మారిన ప్రతిసారీ అందరికంటే ముందు కొత్త గడప దాటింది. దాన్ని ముట్టే హక్కు రేణుకమ్మకు తప్ప ఎవరికీ లేదు. కోడలు రోజా ఒకసారి మంచికే పోయి దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేయబోయి తిన్న తిట్లను ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంటుంది. "గొంగడి జోలికి పోకుండ్రి, మా అత్తమ్మ పానం దాంట్లనే ఉన్నది" అంటుంది.

అందులో ఎగతాళి ఉన్నా అబద్ధం లేదు.

రేణుకమ్మ పుట్టింది వేములపల్లి పక్కన, కాల్వ కింద వరి పండే ఊళ్లో. పుట్టింటివాళ్లు ఎప్పుడో గొర్రెలు మానుకుని నాట్లలోకి దిగిన గొల్లలు. కాళ్లకు బురద తప్ప ఉన్ని వాసన తెలియని పిల్లను అనంతగిరి వైపు గొర్రెల ఇంటికిచ్చారు. ఆ ఇంటి మగవాళ్లు ఇంట్లో ఉండేది తక్కువ. పైరు కోసిన పొలాల్లో రాత్రిళ్లు మంద పెట్టేవాళ్లు. గొర్రెలు పడుకున్న చోట పెంట పడి భూమికి బలమొస్తుందని రైతులే పిలిచి పెట్టించుకునేవారు. ఎండాకాలం వస్తే మామిడితోటలు. కాయ మీదున్న తోటలోకి మందను రానివ్వడమంటే రైతుకు గుండె ధైర్యం కావాలి, ఎందుకంటే గొర్రె అందిన కొమ్మను వదిలిపెట్టదు. సైదయ్య మందంటే మాత్రం రైతులు నిశ్చింతగా నిద్రపోయేవారు. చెట్టు మీది కాయను ఆయన ముట్టడు, గొర్రెను ముట్టనివ్వడు. రాలిన పండ్లు మాత్రం ఏరి, గొంగడి కొసన మూటగట్టుకుని పొద్దున్నే ఇంటికి తెచ్చేవాడు.

కొత్త పెళ్లికూతురు గుమ్మంలో నిలబడి ఉంటే ఆ మూట ఆమె ఒళ్లో విప్పేవాడు. పండ్లు దొర్లేవి. గొర్రె వాసన, మామిడి వాసన, చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే సైదయ్య. ముక్కు మూసుకుని మొదలుపెట్టిన కాపురం అది. తర్వాత తర్వాత ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు.

చుట్ట గురించి ఆమె ఏమన్నా అంటే సైదయ్య దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "చలికి గొంగడి పైనుంచి, చుట్ట లోపట్నుంచి" అనేవాడు. చివరి రెండేళ్లు ఆ లోపలే చెడింది. తెల్లవారుజామున మొదలయ్యే దగ్గుకు ఇల్లంతా లేచి కూర్చునేది. సూర్యాపేట దవాఖానలో ఊపిరితిత్తులు కాలిపోయాయన్నారు. మంచంలో పడి కూడా, మాట పెగలని గొంతుతో, "ఒక్క దమ్మే, ఒక్కటంటే ఒక్కటి" అని చెయ్యి చాచేవాడు. చాచిన ఆ చేతితోనే పోయాడు.

అటువంటి మనిషి ఇన్నేళ్ల తర్వాత, మామిడిచెట్టుకు ఇంకా పూతైనా పట్టని రోజుల్లో, ఘుమఘుమలాడుతూ తిరిగొస్తే రేణుకమ్మ ఎందుకు కాదంటుంది? వాసన గొంగడిలోంచే వస్తోంది. వంగి మొహం ఆనించి చూసుకుంది. మామిడే. కాకపోతే ఒక్కటే తేడా, ఆ వాసనలో సొన లేదు. ముచ్చిక తెంపగానే ముక్కుకు కొట్టే ఆ ఘాటు లేకుండా మామిడిపండు ఉండదు. రేణుకమ్మ కాసేపు ఆలోచించి, పైలోకంలో మామిడిపండ్లకు సొన ఉండదేమోలే అనుకుని సర్దుకుంది. నమ్మాలనుకున్న మనిషికి సాకులు వెతుక్కోవలసిన పని లేదు, అవే కాళ్ల దగ్గరికి వస్తాయి.

మర్నాడు సతీష్ మిర్యాలగూడ మిల్లుల నుంచి లారీలో తెచ్చిన బియ్యం లోడు దింపి, తలనిండా తవుడు దుమ్ముతో ఇంటికొచ్చాడు. అన్నం పెడుతూ ఆమె సంగతి చెప్పింది.

"నాయిన కల్లకొచ్చిండా అమ్మా?" అన్నాడు సతీష్.

"కల్లకు కాదురా, ముక్కుకొచ్చిండు."

సతీష్ నవ్వబోయి, తల్లి మొహం చూసి మానుకున్నాడు. రోజా వంటింట్లోంచి తొంగిచూసి, భర్తకు కళ్లతోనే ఏదో చెప్పింది. పక్కనే కూర్చున్న రచన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల, గలగలా మాట్లాడే పిల్ల, ఆ పూట ఒక్క మాట లేకుండా చెయ్యి కడుక్కుంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు రేణుకమ్మకు పండగే. పగలంతా మామూలు ముసలమ్మే. కూరగాయలు తరిగేది, వీధిలో కుక్కను అదిలించేది, కోడలితో ఉప్పు దగ్గర పేచీ పెట్టుకునేది. పొద్దు వాలుతుంటే మాత్రం మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చునేది. మంద నుంచి రాగానే సైదయ్య ముందు నీళ్లు అడిగేవాడు కనుక, చెంబెడు నీళ్లు గొంగడి పక్కన పెట్టేది. వాసన తేలివచ్చేది. కళ్లు మూసుకుంటే కోదాడ హైవే మీద లారీల హోరు తోటలో గాలి అయిపోయేది. కొమ్మల కింద పడుకున్న గొర్రెలు, వాటి మధ్య నిలబడ్డ నల్ల గొంగడి, ఆ గొంగడి లోపల చిన్న నిప్పు. "ఇయ్యాల్ల జల్దొచ్చినవ్" అనేది ఆమె. ఒక్కోసారి మాట కూడా అనేది కాదు, ఊరికే నవ్వుకునేది. పక్క మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న రచన ఆ నవ్వును చూసేది.

ఒక వారం వాసన మారింది. మామిడి పోయి పుదీనాలాంటిదేదో వచ్చింది. రేణుకమ్మ గొంగడి దగ్గర ముక్కు పెట్టి, "ఎవలో వచ్చిండ్రు గని మీ తాత కాదు బిడ్డా" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. పుదీనా వాసనకు చెంబు నీళ్లు కూడా పెట్టలేదు, ముక్కూ మొహం తెలియని దయ్యానికి మర్యాదలెందుకని. మళ్లీ ఒక సాయంత్రం మామిడి వచ్చేసరికి ఆమెకు కళ్లనీళ్లాగలేదు. ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నది.

మాఘం వచ్చాక దగ్గు మొదలైంది.

తెల్లవారుజామున, మెలకువకూ నిద్రకూ మధ్య, ఆమె చెవిన పడింది. పొడి దగ్గు. ముందు ఆపుకోబోయిన చిన్న దగ్గు, కాసేపు మౌనం, తర్వాత ఛాతీ అడుగునుంచి తోసుకొచ్చే పెద్ద దగ్గు. ఆ దగ్గును ఆమె వేయిమందిలో గుర్తుపడుతుంది. దుప్పటి కింద రేణుకమ్మ పెదవులు విచ్చుకున్నాయి. వాసనే కాదు, మనిషే వచ్చాడు. అలా ఎన్నో తెల్లవారుజాములు ఆ దగ్గు విని, తృప్తిగా మళ్లీ నిద్రలోకి జారింది. దగ్గు విని సంతోషించిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఒకనాడు దగ్గు ఎంతకీ ఆగలేదు. రేణుకమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి చెంబు అందుకుంది.

"ఏందయ్యా, ఇంత సలిల ఎందుకొచ్చినవ్. ఇగో, రెండు గుక్కలు తాగు" అని చీకట్లోకి చెంబు చాచింది.

చెంబును ఎవరో అందుకున్నారు.

వేళ్లు వేళ్లకు తగిలాయి. వెచ్చటి వేళ్లు, సన్నటి వేళ్లు. మణికట్టుకు జడకు వేసుకునే రబ్బరుబ్యాండు ఉంది. గుటకల చప్పుడయింది. చెంబు తిరిగి ఆమె చేతికొచ్చింది. పక్క మంచం కిర్రుమన్నది.

రేణుకమ్మ ఖాళీ చెంబు పట్టుకుని అలాగే పడుకుంది. పోయిన మనిషికి ఇంకా దగ్గెందుకుంటుంది? దేవుడి దగ్గరికి పోయినా మానని రోగమా అది? ఈ ప్రశ్న ఇన్నాళ్లూ తనకు ఎందుకు తట్టలేదు? మనవరాలి మంచం వైపు చూసింది. దుప్పటి నిండా కప్పుకున్న పిల్ల ఊపిరి సన్నగా పిల్లికూతలు కూస్తోంది.

తెల్లారి రచన స్నానానికి వెళ్లగానే ఆమె గొంగడి దగ్గరికి పోయింది. మడత విప్పితే వాసన ఎగిరిపోతుందని ఇన్ని రోజులూ విప్పలేదు. ఇప్పుడు విప్పి దులిపింది. నేల మీద టక్కుమని ఏదో పడింది. వేలెడంత, నున్నగా, పసుపుపచ్చగా మెరుస్తున్న గొట్టం. పిల్లలు కంప్యూటర్లకు గుచ్చే వస్తువులా ఉంది. ఒక కొసన చిన్న రంధ్రం. రేణుకమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

సైదయ్య దానిలో ఉన్నాడు.

ఆ పూట సతీష్ లోడు మీద వెళ్లాడు. రోజా బజారుకు పోయింది. తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చిన రచనకు నేల మీద పరిచిన గొంగడి కనిపించింది. దాని పక్కన నాయనమ్మ.

"కూసో" అన్నది రేణుకమ్మ.

రచన నిలబడిపోయింది. గొంగడి మీద కూర్చోమనడమంటే ఏమిటో ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తప్పిపోయిన గొర్రెపిల్ల ఎవరి మందదో తేలనప్పుడు పెద్దలు గొంగడి పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టేవారట. గొంగడి మీద కూర్చున్నవాడు అబద్ధమాడరాదు. ఆడినవాడి మంద నిలవదు. మంద లేని ఇంట్లో కూడా ఆ మాట మాత్రం నిలిచిపోయింది. సతీష్ చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతులన్నీ ఆ గొంగడి మీదే బయటపడ్డాయి.

రచన కూర్చుంది. రేణుకమ్మ ఆ గొట్టాన్ని ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఇదేంది బిడ్డా?"

"వేప్, నాయినమ్మా."

"అంటే?"

"సిగరెట్ కాదు. పొగ గాదు, ఉత్త ఆవిరి. పండ్ల ఫ్లేవర్ ఉంటది. మా వాళ్లు శానా మంది గుంజుతరు. దీంతోని ఏం కాదంటరు."

"ఏం కానిదాన్ని గొంగట్ల ఎందుకు దాసినవ్?"

రచన తల వంచుకుని, "గొంగడినైతే ఎవలు ముట్టరని" అన్నది. తర్వాత మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. "మొదలు నాకు సోయి లేదు నాయినమ్మా. నువ్వు తాత అంటుంటే గుండె ఝల్లుమన్నది. చెప్దామనే అనుకున్న. నీ మొఖం చూసి చెప్పలేకపోయిన. అది ఖతమైనంక పుదీనాది దొరికింది. నువ్వు అన్నం తినుడు బంద్ పెట్టినవ్. గందుకే ఫ్రెండ్‌ను బతిమాలి మళ్ల మామిడిదే తెప్పించిన. నువ్వు మొఖం కడుక్కోనీకి పోంగనే గొంగట్లకు ఊదేదాన్ని. నీకోసమే ఊదుతున్న అనుకునేదాన్ని."

రేణుకమ్మకు ముందుగా కలిగింది కోపం కాదు, మనవరాలి మీద జాలి కూడా కాదు. నిజం చెప్పాలంటే ఆమెకు తన మీద తనకే ఏడుపొచ్చింది. ఆయన రాలేదు. ఒక్క రోజు కూడా రాలేదు. చీర మార్చుకుని, చెంబు పెట్టుకుని, ఇన్ని సాయంత్రాలు ఆమె ఎదురుచూసింది ఈ ప్లాస్టిక్ ముక్క కోసం. రెండోసారి విధవరాలైనట్టనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రచన భయపడి నాయనమ్మ మోకాలు పట్టుకోబోయింది, అంతలో దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చి పిల్ల వంగిపోయింది.

ఆ దగ్గుతో రేణుకమ్మ ఏడుపు ఆగిపోయింది.

"మీ తాతను ఎత్కపోయిందే మళ్ల ఇంట్లకొచ్చింది బిడ్డా" అన్నది. "ఈసారి మీ తాత వాసన పూసుకొని వచ్చింది. గుర్తుపట్టక, నేనే ఎదురువోయి మంచినీళ్లిచ్చిన. ఇగ బంద్ చేస్తవా?"

"చేస్త" అనబోయిన రచన నోరు తెరిచి, కింద గొంగడి చూసి, మూసింది. వేళ్లతో ఉన్ని పోగులు లాగుతూ కూర్చుంది. "బంద్ చేసి చూసిన నాయినమ్మా. అయితలేదు. కండ్లు తెరవంగనే అదే కావాలనిపిస్తది. గుంజకుంటే పరేషాన్, ఎవలను చూసినా కోపమొస్తది. గుంజితే గుండె దడదడ. కబడ్డీల కూత పెట్టి పోతే మళ్ల నడుమ గీతదాంక రాలేకపోతున్న. మేడం టీముల నుంచి తీసేసింది. ఇంట్ల చెప్పలే."

కబడ్డీ కూత మీద ఆ పిల్లకు ఎంత గర్వమో రేణుకమ్మకు తెలుసు. చిన్నప్పుడు గడప నుంచి వీధి చివరిదాకా ఒక్క కూతతో పోయి వచ్చేది. ఊపిరి పట్టడంలో గొల్లలకు సాటిలేరని సతీష్ మురిసిపోయేవాడు.

మర్నాడు ఇద్దరూ సూర్యాపేట బస్సెక్కారు. కోదాడ దవాఖానలో అయితే సతీష్‌ను ఎరిగినవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. రోజాతో మోకాళ్ల నొప్పి చూపించుకొస్తానని చెప్పింది రేణుకమ్మ. మోకాళ్లు నిజంగానే నొప్పి, పైగా ఆ మాట అన్నది గచ్చు మీద నిలబడి, కాబట్టి దోషం లేదనుకుంది.

డాక్టరమ్మ రచన ఛాతీకి, వీపుకు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. వేలికి క్లిప్పు పెట్టింది. గట్టిగా ఊదించింది. తిట్టలేదు. ఎప్పటినుంచి అంటే దసరా సెలవుల నుంచన్నది పిల్ల, ఉత్త ఆవిరే కదా అని కూడా అన్నది. సైదయ్య చుట్ట సంగతి రేణుకమ్మ చెప్పింది.

"ఆవిరి అని ఎవరు చెప్పారు నీకు? నీళ్ల ఆవిరి కాదమ్మా అది" అన్నది డాక్టరమ్మ. "మీ తాత చుట్టలో ఉన్న నికోటినే ఇందులోనూ ఉంటుంది. కొన్నిట్లో చాలా ఎక్కువ. నీ వయసులో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. పచ్చి సిమెంటు మీద అడుగు పడ్డట్టు అలవాటు ముద్ర పడిపోతుంది. అందుకే పెద్దవాళ్లకంటే మీ పిల్లలు తొందరగా చిక్కుకుంటారు. ఇక ఆ పండ్ల వాసనలు తినే వస్తువుల కోసం చేసినవి. కడుపులోకి పోతే ఏమీ కాకపోవచ్చు, వేడెక్కి ఊపిరితిత్తుల్లోకి పోతే లోపలి పొర మండిపోతుంది. నీ దగ్గు అదే, గుండెదడ నికోటిన్‌ది. మన దేశంలో వీటిని అమ్మడమే నిషేధం. దొంగచాటుగా వచ్చేదాంట్లో ఏం కలిసిందో అమ్మేవాడికి కూడా తెలియదు."

"తగ్గుతదా అమ్మా?" అన్నది రేణుకమ్మ.

"ఇప్పుడు ఆపితే చాలావరకు కోలుకుంటుంది, చిన్న వయసు కదా. కానీ మొదటి వారాలు నరకం. కోపం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. ఒంటరిగా మొయ్యలేదు. ఇంట్లో చెప్పండి, నా దగ్గరికి మళ్లీ తీసుకురండి. ఆ వస్తువేదీ?"

"పారేసిన" అన్నది రేణుకమ్మ.

అది ఆమె నడుముకు దోపుకున్న వక్కల సంచిలో ఉంది.

ఎందుకలా అన్నదో ఆమెకు బాగా తెలుసు. తిరుగు బస్సులో మనవరాలు భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. కిటికీ బయట యాసంగి నాట్లు పచ్చగా వెనక్కి పరిగెడుతున్నాయి. రేణుకమ్మ చెయ్యి సంచి మీదే ఉంది. పిల్లకు అందకుండా తన దగ్గరే ఉంటే చాలదా అనుకుంది. ఊదేది లేదు, గుంజేది లేదు, ఊరికే వాసన. వాసన ఎవరిని చంపుతుంది?

ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో తలుపులు దడాలున మూసుకునేవి. రచన పుస్తకాలు విసిరేసేది, తల్లితో ఊరికే తగాదా పెట్టుకునేది. "ఈ పిల్లకేమొచ్చింది" అని రోజా తలబాదుకునేది. రేణుకమ్మ పిల్ల జేబులో పుట్నాలు పోసేది, నోట్లో సోంపు వేసేది, సాయంత్రం సాగర్ కాల్వ కట్ట మీదికి నడిపించుకుపోయేది. ఇంట్లో చెప్పాల్సిన మాటను మాత్రం రేపు రేపు అని వాయిదా వేసేది. మధ్యాహ్నం పిల్ల కాలేజీకి, కోడలు పనికి పోయాక సంచి విప్పేది. ఆ గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. తోట వచ్చేది. ఆకుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలేది. గొర్రెలు నెమరేసేవి. సైదయ్య ఎప్పుడూ వీపు తిప్పే ఉండేవాడు, పిలిచినా తిరిగేవాడు కాదు. అయినా చాలనుకునేది.

ఒక మధ్యాహ్నం రచన కాలేజీ నుంచి సగంలోనే వచ్చేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రేణుకమ్మ సంచి ముడి వేసేలోపే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"క్లాసుల అందరు గుంజుతున్నరు నాయినమ్మా. నాకూ ఇస్తమన్నరు, ఉరికొచ్చిన. నాతోని అయితలేదు. ఒక్క దమ్మే. ఒక్కటంటే ఒక్కటి."

అక్షరం పొల్లుపోకుండా సైదయ్య మాటే.

"నా దగ్గరేడిదే? పారేసిన గద."

రచన నాయనమ్మ అరచేతులు తన మొహానికి ఆనించుకుంది. "నీ చేతులు మామిడి వాసనొస్తున్నయ్" అన్నది. చేతులు వదిలి, గొంగడి తీసి నేల మీద పరిచింది. సైదయ్య పోయాక రేణుకమ్మ కాక ఇంకొకరు గొంగడి పరచడం అదే మొదటిసారి. "దీని మీద కూసొని చెప్పు. పారేసినవా?"

రేణుకమ్మ మోకాళ్ల మీద చెయ్యి ఊని, నెమ్మదిగా కూర్చుంది. కూర్చున్నాక ఇంకేముంది?

"పారేయలె" అన్నది.

"ఎందుకు?"

"నువ్వెందుకు ఇడిసిపెడ్తలేవో, నేను గందుకే పారేయలె బిడ్డా." ఆమె సంచి విప్పి దాన్ని గొంగడి మీద పెట్టింది. "మీ తాత కావాలె నాకు."

రచన దాని వంక చూసింది. నాయనమ్మ వంక చూసింది. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టూ ఊరిస్తున్నట్టూ అన్నది: "అయితే ఊదుత నాయినమ్మా. ఇప్పుడే ఊదుత. తాత వస్తడు. నీకు తాత, నాకు దమ్ము. ఎవలకు చెప్పొద్దు."

ఎంత తేలికైన బేరం! రేణుకమ్మ మనసు ఒక్క క్షణం నిజంగానే అటు మొగ్గింది. తోట, ఎండ, నల్ల గొంగడి, అన్నీ ఆ పిల్ల నోటి చివర ఉన్నాయి. అప్పుడు ఆమె ఆ నోటిని చూసింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. గొంతు కింద గుంట ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోంది. సైదయ్యకు చివరి ఏడాది సరిగ్గా అక్కడే అలా పోయేది.

"వద్దు" అన్నది. "రాడు బిడ్డా. వచ్చేటోడైతే ఇన్నేండ్ల సంది రాకపోవునా? వాసనకు నేనే ఆయన పేరు పెట్టుకున్న. లే. గొంగడి ఆ కొస పట్టుకో."

"ఎటు?"

"కాల్వకు."

కట్ట దిగి, పారే నీళ్లలో మోకాలిలోతున నిలబడి ఇద్దరూ గొంగడి ముంచారు. నీళ్లు తాగిన గొంగడి ఎద్దంత బరువైంది. కుంకుడుకాయ నురుగుతో బండ మీద పిసుకుతుంటే ముందు మామిడి వాసన లేచి పోయింది. దాని వెనక, ఎన్నాళ్లుగానో అడుగున దాక్కున్న గొర్రె వాసన. అన్నిటికంటే చివర సన్నగా, మొండిగా చుట్ట వాసన. నల్లటి నీళ్లు ధార కట్టి దిగువకు సాగాయి. రేణుకమ్మ ఏడుస్తూనే పిసికింది. రచన దగ్గుతూనే పిండింది. నీళ్ల కోసం వచ్చిన గొర్రెలు కొన్ని అవతలి గట్టున నిలబడి ఆ వింత చూశాయి.

ఆ సాయంత్రమే సతీష్‌కూ రోజాకూ ఉన్నదున్నట్టు చెప్పారు. రోజా ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. సతీష్ ఆరీ ఆరని గొంగడిని చేత్తో నిమురుతూ కూర్చున్నాడు. పొద్దున్నే తనే ఇద్దరినీ సూర్యాపేట తీసుకుపోయాడు. రేణుకమ్మ సంచి విప్పి ఆ గొట్టాన్ని డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. "మొన్న అబద్ధమాడిన" అన్నది.

అంతటితో అయిపోలేదు. రచన మధ్యలో ఒకసారి జారింది, వచ్చి తనే చెప్పింది, మళ్లీ మొదలుపెట్టింది. దగ్గు ఒక్కరోజులో పోలేదు, దూరమవుతున్న బస్సు చప్పుడులా కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. రేణుకమ్మ అలవాటు చొప్పున ప్రతి రాత్రీ చెంబు పెడుతూనే ఉంది. ఎవరి కోసమని రోజా అడగలేదు. తెల్లవారుజామున రచన తాగేది.

వైశాఖంలో సతీష్ అనంతగిరి తోట నుంచి పండ్లు తెచ్చాడు. రేణుకమ్మ ఒకటి తీసుకుని ముచ్చిక తెంపింది. సొన చిమ్మి చేతికి అంటుకుంది, ఘాటు ముక్కుకు కొట్టింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. సైదయ్యకు పెదవి మూలన ఎప్పుడూ సొన పడి కాలిన మచ్చ ఉండేది! ఆ మచ్చను ఆమె ఇన్నేళ్లుగా మరచిపోయింది. మచ్చ గుర్తుకు రాగానే పెదవి గుర్తొచ్చింది, పెదవి వెంట మొహమంతా వచ్చింది. ఈసారి వీపు తిప్పి లేడు.

"ఏమైంది నాయినమ్మా?" అన్నది రచన.

"ఏం లేదు. తిను" అని పండు పిల్ల చేతిలో పెట్టింది.

ఆ రాత్రి కూడా చెంబు పెట్టుకునే పడుకుంది. తెల్లవారుజామున ఎప్పటిలాగే మెలకువ వచ్చి, చెవులు రిక్కించి పడుకుంది. గొంగడిలో ఉతికిన ఉన్ని వాసన తప్ప ఇంకే వాసనా లేదు. పక్క మంచం మీద రచన ఊపిరి నిండుగా, నిదానంగా పోతోంది, వస్తోంది. పిల్లికూతలు లేవు. రేణుకమ్మ చాలాసేపు ఎదురుచూసింది. దగ్గు వినపడలేదు. ఆమె లేచి కూర్చుని, చెంబెత్తి ఆ నీళ్లు తనే తాగి, మళ్లీ పడుకుని నిద్రపోయింది.